ఉలి ఆగిన చోటు

చెన్నరాయపట్నం దాటి శ్రవణబెళగొళ దారి పట్టాక బస్సు కిటికీలోంచి దూరంగా రెండు బోడి కొండలు కనిపించాయి. పెద్దదాని నెత్తిమీద ఇంకో బండ నిలబెట్టినట్టు ఏదో ఉంది. నేను దాన్ని బండే అనుకున్నాను. పక్క సీట్లో ఉన్న ఆళ్లగడ్డ అన్న కళ్లు చికిలించి కాసేపు చూసి, "బండ కాదప్పా, భుజాలు" అన్నాడు.

ఆయన ముప్పై ఏళ్లుగా రాయి కొడుతున్నాడు. ఆళ్లగడ్డలో శిల్పులకు కొదవ లేదు. షెడ్ల ముందు సగం చెక్కిన వినాయకులూ, నందులూ, చౌరస్తాలకు పోవలసిన నాయకులూ దుమ్ము కొట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. అన్న వాటన్నిటినీ చేశాడు కానీ ఈ కొండమీది గోమటేశ్వరుణ్ణి ఫోటోల్లో తప్ప చూడలేదట. నేనూ చూడలేదు. నాకు కావలసింది కూడా అదే. యాభై ఏడడుగుల విగ్రహం ముందు నాలాంటివాడు "అబ్బ!" అని నోరు తెరుస్తాడు. రాయి కొట్టేవాడు ఎక్కడ నోరు తెరుస్తాడో చూద్దామని ఆయన్ని బతిమాలి వెంట తీసుకొచ్చాను.

శ్రవణబెళగొళ కర్ణాటకలో హాసన జిల్లా ఊరు. బెంగళూరు నుంచి నూట నలభై కిలోమీటర్ల పైమాట. రెండు కొండల మధ్య ఒక కోనేరు. ఊరి పేరు ఆ నీటి నుంచే వచ్చింది: బెళ అంటే తెలుపు, కొళ అంటే మన కొలనుకు చుట్టం. శ్రవణ అంటే శ్రమణుడు, జైన సన్న్యాసి. చిన్న కొండ చంద్రగిరి పాతది. భద్రబాహు మునితో పాటు చంద్రగుప్త మౌర్యుడు వచ్చి అక్కడే ఉపవాసంతో తనువు చాలించాడని జైనుల నమ్మకం. కొండకు ఆ పేరు ఆయన వల్లనే. పెద్ద కొండ వింధ్యగిరి. నేల నుంచి 470 అడుగుల ఎత్తు, సముద్రమట్టం నుంచి 3,347. మెట్లు ఆరువందల యాభై దాకా ఉంటాయి. చెప్పులు కిందే వదిలేయాలి. ఎక్కలేనివాళ్లను డోలీల్లో మోసుకుపోతారు.

మే నెల కాబట్టి ఆరున్నరకే ఎక్కడం మొదలుపెట్టాం. ఆ వేళకు రాయి ఇంకా చల్లగా ఉంది. మెట్లు రాళ్లు పేర్చి కట్టినవి కావు. కొండ చర్మాన్నే మెట్టు తర్వాత మెట్టుగా కొట్టారు. అన్న నాలుగో మెట్టు దగ్గరే వంగి ఉలి గాట్ల మీద చెయ్యి పెట్టాడు. వెయ్యేళ్ల అరికాళ్లు వాటిని దాదాపు మాపేశాయి.

దారిలో చూడవలసినవి చాలా ఉన్నాయి. మూడు గర్భాలయాల ఒదెగల్ బసది ఉంది. గోడలకు ఏటవాలుగా ఆనించిన రాతి దిమ్మెల వల్ల దానికా పేరు. ఒకే బండలో తొలిచిన అఖండ బాగిలు ఉంది. దాని పైకమ్మీ మీద ఏనుగులు నీళ్లు పోస్తున్న గజలక్ష్మి కూర్చుని ఉంటుంది. ఇవన్నీ గబగబా దాటేశాం. ఆగింది ఒక స్తంభం దగ్గర.

దాన్ని త్యాగద కంబ అంటారు. కంబం, స్తంభం మన మాటలే. నాలుగు చిన్న స్తంభాల మంటపంలో పై రాయి నుంచి వేలాడదీసినట్టు నిలబెట్టారు. ఒకప్పుడు దాని అడుగు నుంచి చేతిరుమాలు ఇటు తోసి అటు లాగేవారట. చేయించినవాడు చావుండరాయ, గంగవంశపు రాజు రాచమల్లుడికి మంత్రీ సేనాపతీ. పైన ఉన్న విగ్రహాన్ని చేయించిందీ ఆయనే. స్తంభం ఒంటినిండా తీగ పాకి ఉంది. ప్రతి మలుపులో ఒక పువ్వు, పువ్వులో మళ్లీ రేకలు. తీగ ఎక్కడ మొదలైందో వెతుకుతూ కన్ను చుట్టూ తిరుగుతుంది, దొరకదు. లోతుగా దింపి చెక్కినందువల్ల ఆకు కింద నీడ నిజం ఆకు కింది నీడలాగే నల్లగా ఉంది.

అన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "ఇది చేసినోడికి ఏదైనా చేతనవుతాది" అన్నాడు.

ఈ స్తంభం మీద ఒక దొంగతనం కూడా జరిగింది. చావుండరాయ తన ఘనతంతా దీని పీఠం మీద రాయించుకున్నాడు. రెండు శతాబ్దాల తర్వాత హెగ్గడె కణ్ణ అనే ఆయన తన మాట చెక్కించుకోవడానికి మూడు పక్కల పాత అక్షరాలను గీకించేశాడు. గోమటేశ్వరుణ్ణి ఎలా, ఎంతమందితో, ఎన్నేళ్లలో చెక్కించాడో ఆ చెరిపేసిన వరసల్లో ఉండి ఉంటుందేమోనని చరిత్రకారులు ఇప్పటికీ బాధపడతారు. కణ్ణ రాసుకున్నది రెండున్నర వరసలు. అంత చిన్న మాటకు మూడు వైపులూ గీకించాలా?

ఆ స్తంభం గుర్తు పెట్టుకోండి. పైకి వెళ్లాక దానితో పని ఉంది.

చివరి గుమ్మం దాటి ప్రాకారంలో అడుగుపెట్టగానే ఎదురుగా పాదాలు ఉంటాయి. మొహం చూడాలంటే మెడ వెనక్కి వంచాలి. మామూలుగా అందరూ అదే చేస్తారు, నేనూ చేశాను. అన్న మాత్రం నేల మీది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి చూసుకుంటూ పోయాడు, గోడ కట్టేవాడు తూకం చూసినట్టు.

విగ్రహం విచ్చుకున్న తామరపువ్వు మీద నిలబడి ఉంది. పాదం పొడవు తొమ్మిదడుగులు. కాళ్లకు రెండు వైపులా పుట్టలు లేచాయి, పుట్టల రంధ్రాల్లోంచి పాములు తలలు బయటపెట్టాయి. మాధవీ తీగ కాళ్లను చుట్టుకుని తొడల మీదుగా చేతులకు ఎగబాకి భుజాల దగ్గర్లో పూతతో ఆగింది. గోమటేశ్వరుడంటే బాహుబలే. బాహుబలి కథ తెలిసినవాళ్లకు ఇదంతా తెలుసు. తెలుగువాళ్లకు ఆ పేరు చెప్తే ముందు సినిమా గుర్తొస్తుంది కాబట్టి రెండు ముక్కల్లో చెప్పాలి. మొదటి తీర్థంకరుడు రిషభదేవుడి కొడుకులు భరతుడు, బాహుబలి. రాజ్యం కోసం సైన్యాలు లేకుండా అన్నదమ్ములే తలపడ్డారు: చూపులతో, నీళ్లలో, చివరికి కుస్తీలో. మూడింట్లోనూ బాహుబలే గెలిచాడు. గెలిచిన క్షణంలోనే అన్నీ వదిలేసి అడవికి పోయి కదలకుండా నిలబడ్డాడు. ఏడాది గడిచేసరికి కాళ్లచుట్టూ పుట్టలు పెరిగాయి, ఒంటికి తీగలు అల్లుకున్నాయి.

అన్న ఆ పుట్టల దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు. చివరికి నన్ను పిలిచాడు.

"తొడలదాకా వెనక రాయి వదిలినాడు చూడప్పా. పైన ఏమీ లేదు, గాల్లో నిలబడింది. కింద బరువంతా మోసేది ఈ పుట్టే."

"కథలో ఉంది కాబట్టి పుట్ట పెట్టారు కదన్నా?"

"కథలో ఉంది. రాయికీ కావాల. రెండూ ఒకచోట కలిసినాయి, అదీ పని."

ఆయన చెప్పింది అర్థం కావడానికి విగ్రహం చుట్టూ తిరగాలి. ప్రాకారపు వసారాలోంచి వెనక్కి వెళ్తే వీపు కనిపిస్తుంది. నడుము, వీపు, ఉంగరాల జుట్టు అన్నీ పూర్తిగా చెక్కినవే, వెనక గోడ లేదు, ఆనిక లేదు. యాభై ఏడడుగుల రాతిని రెండు కాళ్ల మీద నిలబెట్టడం ఏ శిల్పికైనా భయమే. రెండు మడమలూ పిక్కలూ విడివిడిగా చెక్కితే పైబరువుకు అక్కడే విరుగుతుంది. అందుకే నిలువెత్తు విగ్రహాలకు కాళ్ల మధ్య ఒక దిమ్మె వదిలేస్తారు, లేకపోతే బట్ట కుచ్చిళ్లు నేలదాకా దింపి వాటి చాటున రాయి దాస్తారు. ఇక్కడ దిగంబరుడు. దాచడానికి బట్ట లేదు. ఆ సాయం కథే చేసింది: పుట్ట అనే పేరుతో రాయి ఉండిపోయింది. దాని మీద పాములు, తీగ రావడంతో అది ఆనిక అన్న సంగతి ఎవరికీ తట్టదు. నాకు తట్టలేదు.

ఇక కొలతలు. 1871లో మస్తకాభిషేకానికి పరంజా కట్టినప్పుడు మైసూరు ఇంజినీర్లు పైకెక్కి విగ్రహాన్ని ఒక్కో అవయవం కొలిచారు. అంతకు ముందు ఒక్కొక్కరు ఒక్కో ఎత్తు రాశారు, డెబ్భై అడుగులని రాసినవాళ్లూ ఉన్నారు. పాదం నుంచి చెవి కొసదాకా యాభై, అక్కడి నుంచి నడినెత్తిదాకా ఆరున్నర. భుజాల వెడల్పు ఇరవై ఆరు. నడుము పది. ఎడమ పాదం దగ్గర పీఠం మీద ఒక కొలగీత కూడా చెక్కి ఉంది, మూడడుగుల నాలుగంగుళాలు, మధ్యలో పువ్వు గుర్తుతో. దాన్ని పద్దెనిమిదితో హెచ్చిస్తే విగ్రహం ఎత్తు వస్తుందని చెప్పుకుంటారు. హెచ్చిస్తే అరవై వస్తుంది. లెక్క కుదరదు. అయినా పని జరిగిన చోట ఒక కొలబద్ద మిగిలి ఉండటం నాకు భలే నచ్చింది. వడ్రంగి వెళ్లిపోతూ పెన్సిలు మర్చిపోయినట్టుంది.

వేళ్ల కొలతలు విడిగా చెప్పాలి. నడిమి వేలు అయిదడుగుల మూడంగుళాలు. ఉంగరపు వేలు నాలుగడుగుల ఏడంగుళాలు. చూపుడు వేలు మూడున్నర అడుగులే. చూపుడు వేలు ఉంగరపు వేలికంటే అడుగుకు పైగా పొట్టి. ఎడమ చేతికేసి కాసేపు చూస్తే మామూలు కంటికే తెలుస్తుంది. కావాలనే తగ్గించారని జనం చెప్తారు, ఇంత అందానికి దిష్టి తగలకుండా. పసిపిల్ల బుగ్గన పెట్టే చుక్కలాంటిది. ఈ మాట నాకు చాలా బాగుంది. అన్నకు నచ్చలేదు.

"చిప్ప లేచింటాది" అన్నాడు. "వేలి కొస దాకా వచ్చినాక రాయిలో పొర తగులుతాది. చిన్న దెబ్బకే చిప్ప లేస్తాది. అప్పుడేం చేస్తాం? ఉన్నదాంట్లోనే వేలు దింపుతాం. నేనూ దింపినా, ఒకసారి ఆంజనేయునికి."

ఏది నిజమో తేల్చేవాళ్లు లేరు. ఆయన మాట నిజమైతే మాత్రం, విగ్రహమంతటిలో శిల్పి ఒళ్లు జలదరించిన చోటు అదొక్కటే. దిష్టిచుక్క అనుకోవడంకంటే అది ఇంకా దగ్గరగా అనిపించింది నాకు.

ఇంతలో ఎండ వచ్చింది.

విగ్రహం ఉత్తరానికి తిరిగి ఉంటుంది. మే నెలలో సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా ఉదయిస్తాడు కాబట్టి పొద్దున ఎండ మొహానికి పక్కనుంచి, కుడి చెంప మీదుగా జారుతూ పడుతుంది. ఈ దిక్కు వల్ల ఎంత మేలు జరిగిందో ఆ వేళలో చూస్తేనే తెలుస్తుంది. ఎదురుగా పడే ఎండ రాతిని చదును చేస్తుంది, వెనక ఎండ నల్లగా మారుస్తుంది. పక్కనుంచి జారే ఎండ ప్రతి చిన్న ఎత్తుపల్లాన్నీ పైకి తెస్తుంది. అలాంటి ఎండలో పనితనం తక్కువైతే గాట్లూ మిట్టలూ బయటపడతాయి. ఇక్కడ ఒక్కటీ కనబడలేదు. నుదుటి నుంచి చెంపదాకా, చెంప నుంచి గడ్డం దాకా నీడ ఎక్కడా గీతలా తెగలేదు, పాలమీగడలా పల్చబడుతూ పోయింది. కళ్లు అరమూసి ఉన్నాయి. చూపు మన మీద లేదు, ఆకాశంలోనూ లేదు. పెదవుల మీద నవ్వుందో లేదో చెప్పడం కష్టం. ఉంది అనుకుని చూస్తే ఉంది. కింది పెదవి కొంచెం ముందుకు వచ్చింది, అదే ఆ మొహానికి ప్రాణం.

మధ్యాహ్నందాకా ఉన్నాం. సూర్యుడు నడినెత్తికి రాగానే కనుబొమల నీడ కళ్లలో నిండి అదే మొహం కఠినంగా మారిపోయింది. నవ్వు ఎక్కడికో పోయింది. పొద్దున చూసినవాడూ మధ్యాహ్నం చూసినవాడూ ఇంటికెళ్లి ఇద్దరు వేరే మనుషుల గురించి చెప్తారు.

ఇప్పుడు ఆ స్తంభం సంగతి. కిందున్న త్యాగద కంబం మీద అంగుళం ఖాళీ లేకుండా తీగ అల్లినవాళ్లదీ, పైన ఇరవై ఆరడుగుల భుజాలను ఏ గీతా లేకుండా వదిలేసినవాళ్లదీ ఒకటే కొండ, చేయించిన యజమాని ఒక్కడే. చేతకాక సాదాగా వదిలారనడానికి లేదు. చేతనయ్యీ చెయ్యలేదు. ఛాతీ మీద హారం లేదు, నడుముకు పటకా లేదు, నెత్తిన కిరీటం లేదు. ఆళ్లగడ్డ అన్న ఈ మాట వినగానే నవ్వాడు.

"నగ పెడితే తప్పు కప్పుకోవచ్చప్పా. మెడ కాడ వంకర వచ్చిందనుకో, కంటె వేస్తాం. నడుము కుదరలేదనుకో, మొలనూలు. ఈయనకు వేసేదానికి ఏమీ లేదే! ఒట్టి ఒళ్లు. తప్పు చేస్తే ఊరంతా చూస్తాది, వెయ్యేళ్లు చూస్తాది."

బలపపు రాయిలాంటి మెత్తని రాయి అయితే సరే. గోమటేశ్వరుడి తర్వాత దాదాపు నూట నలభై ఏళ్లకు హొయసలులు బేలూరులో, హళేబీడులో చేసింది ఆ రాతిలోనే. గనిలోంచి తీసినప్పుడు కత్తికి లొంగుతుంది, గాలి తగిలిన కొద్దీ గట్టిపడుతుంది. ఈ విగ్రహం గ్రానైటు. అది అలా కాదు. మొదటి దెబ్బకు ఎంత గట్టిగా ఉంటుందో చివరి దెబ్బకూ అంతే. దాన్ని చెక్కాక నునుపు చెయ్యడం ఇంకో యుద్ధం. ఇసుకా నీళ్లూ రాతిముక్కా పెట్టి జానెడు జానెడు రుద్దాలి. తలనుంచి పాదందాకా ఆ నునుపు ఇంకా ఉంది. అన్నిసార్లు పాలూ పసుపూ చందనమూ పడిన తర్వాత కూడా, వెయ్యి వానాకాలాలు పైకప్పు లేకుండా తడిసిన తర్వాత కూడా, ఎండలో ఆ రాయి మెరుస్తుంది.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. మోకాళ్ల కింద కాళ్లు పొట్టి. శిల్పాల గురించి రాసిన పండితులు చాలామంది ఈ మాట అన్నారు. దగ్గరగా పాదాల ముందు నిలబడితే దగ్గరున్నవి పెద్దగా కనిపిస్తాయి కాబట్టి పిక్కల పొట్టితనం తెలియదని సమర్థించేవాళ్లు ఉన్నారు. నాకు ఆ సమర్థన సగమే నచ్చింది. దూరంగా, మెట్ల మీది నుంచి చూస్తే ప్రాకారం గోడ కాళ్లను మింగేస్తుంది కాబట్టి మనం తప్పు పట్టలేకపోతున్నాం. కానీ ఆ గోడ అప్పటిది కాదు. హొయసల విష్ణువర్ధనుడి సేనాపతి గంగరాజు పన్నెండో శతాబ్దం మొదట్లో కట్టించింది. అంతకు ముందు నూట ముప్పై ఏళ్లపాటు ఈ మనిషి గోడ లేకుండా, బట్టబయట కొండకొమ్మున నిలబడి ఉన్నాడు. అప్పుడు కింది ఊరి నుంచి చూసినవాడికి ఆ పొట్టి కాళ్లు కనబడే ఉంటాయి. నా తీర్పు ఏమిటంటే, రాయి అయిపోయింది. పైనుంచి చెక్కుకుంటూ దిగారు, కింద ఉన్నంతలో కాళ్లు సర్దారు.

పైనుంచి అని ఎలా చెప్పగలను? అన్న చెప్పాడు. "కింద నుంచి మొదలుపెట్టేవాడు పిచ్చోడు. పైన తల నుంచి దిగుతూ వస్తే కింద కొట్టని రాయే పరంజా. వేరే కట్టెలు అక్కరలేదు." అది వినగానే నాకు ఇంకోటి తోచింది. ముక్కు చెక్కేటప్పుడు వాళ్లకు పాదాలు ఇంకా లేవు. మొహం ముందు రెండడుగుల దూరంలో కూర్చుని చెక్కుతున్నవాడికి, ఆ మొహం యాభై అడుగుల కింద నుంచి ఎలా కనబడుతుందో చూసుకునే వీలు లేదు. వెనక్కి వెళ్లి చూద్దామంటే వెనక్కి నేల లేదు. ఆ అరమూసిన కళ్లూ ఆ కింది పెదవీ అలా, చూసుకోకుండా, లెక్కతోనూ ధైర్యంతోనూ చేసిన పని. చెడితే అతుకు వేసే దారి లేదు, వేరే బండ తెచ్చే దారి అసలే లేదు, ఎందుకంటే బండ కొండ నుంచి విడిపోనేలేదు.

మన హుస్సేన్ సాగర్ బుద్ధుడి ఎత్తు దాదాపు ఇంతే. గణపతి స్థపతి బృందం భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే గ్రానైటు బండలో చెక్కింది. దాన్ని హైదరాబాదు దాకా బండి మీద తెచ్చారు. 1990 మార్చిలో సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే పంటు ఒరిగి నీళ్లలో పడిపోయింది. మనుషులూ పోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగున పడుకుని, 1992 డిసెంబరులో లేచి నిలబడింది. యంత్రాలున్న కాలంలోనే ఇంత కష్టం. గోమటేశ్వరుడు చేసినవాళ్లు ఆ బరువును ఒక్క అంగుళం కూడా కదపలేదు. విగ్రహాన్ని కొండ మీదికి తేలేదు, కొండనుంచి విగ్రహం కానిదాన్ని కిందికి పంపించారు. రవాణా చేసింది చెత్తను మాత్రమే.

వీళ్లు ఎవరు? ఇక్కడే నా మనసు చివుక్కుమంది. విగ్రహం పాదాల పక్కన చిన్న శాసనాలు ఉన్నాయి. కుడి వైపు కన్నడంలో, తమిళంలో. ఎడమ వైపు నాగరి అక్షరాల్లో మరాఠీలో. మరాఠీ తొలి శాసనాల్లో ఒకటిగా దాన్ని లెక్కపెడతారు. ఏ భాషలో చదివినా ఒకటే మాట: చావుండరాయ చేయించాడు. ప్రాకారం గంగరాజు చేయించాడు. తెలుగు వ్యాకరణంలో ఆ 'ఇంచు' ప్రత్యయం ఎంత చిన్నదో, దాని వెనక ఎంతమంది మాయమైపోయారో! మన దగ్గర జనం కనీసం రామప్ప గుడి విషయంలో ఈ లెక్క సరిచేశారు. 1213లో దాన్ని చేయించిన రేచర్ల రుద్రుడి పేరు శాసనంలో ఉంది, చెక్కినవాడిదని చెప్పుకునే పేరు గుడికి ఉంది. ఇక్కడ అలాంటి పేరేదీ రాతిలో కనబడలేదు.

చావుండరాయను తక్కువ చేయకూడదు. ఆయన కత్తి పట్టినవాడే కాదు, కలం పట్టినవాడు కూడా. 978లో తీర్థంకరుల కథలను కన్నడ వచనంలో రాశాడు. కవి రన్నడిని పోషించాడు. విగ్రహం పని 981 ప్రాంతంలో ముగిసిందని లెక్క. 1981లో వెయ్యేళ్ల ఉత్సవం చేశారు. ఆయన ఈ పనికి పూనుకోవడం వెనక కథలో మన ఊరొకటి ఉంది. ఆయన తల్లి కాళలాదేవి, పౌదనపురంలో భరతుడు నిలబెట్టిన బాహుబలి విగ్రహం చూస్తే గానీ పాలు ముట్టనని పట్టుబట్టిందట. బయల్దేరి ఇక్కడిదాకా వచ్చేసరికి, ఆ విగ్రహం పాముల మధ్య కనబడకుండా పోయిందని, చంద్రగిరి మీది నుంచి బాణం వేస్తే తగిలినచోట బాహుబలి దర్శనమిస్తాడని కలవచ్చిందట. ఆ పౌదనపురం నిజామాబాదు జిల్లా బోధనే అని చాలామంది చరిత్రకారులు అంటారు. బోధన్ వెళ్లవలసిన తల్లి ఇక్కడ ఆగిపోయింది.

ఇంకో చుట్టరికం కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు అక్కడ బండమీద చక్రేశ్వరినీ జినులనూ చెక్కించి, సంస్కృతం కన్నడం తెలుగు మూడింట్లోనూ శాసనం రాయించాడు. అందులో తెలుగు కందాలున్నాయి. గోమటేశ్వరుడికి అది ముప్పై నలభై ఏళ్లు ముందు. మన తొలి పద్యాల వెతుకులాట వచ్చినప్పుడల్లా ఆ గుట్ట పేరు వస్తుంది కానీ, ఆ బొమ్మలు చెక్కిన చెయ్యి గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

విగ్రహానికి ఎదురుగా, గుమ్మం బయట, ఒక ముసలావిడ విగ్రహం ఉంది. గుళ్లకాయజ్జి. అజ్జి అంటే అవ్వ. చావుండరాయ మొదటి అభిషేకం చేయిస్తూ కడవలకొద్దీ పాలు పోయించాడట. ఎంత పోసినా తొడల కిందికి దిగలేదు. అప్పుడు ఒక ముసలావిడ గుళ్లకాయ డొప్పలో చెంచాడు పాలు తెచ్చి పోస్తానంది. జనం నవ్వారు. పోస్తే తలనుంచి పాదందాకా తడిసి కొండ కిందికి పారిందట. చేయించినవాడికి గర్వం దిగాలని ఆ కథ. అన్న అవ్వ చేతిలోని కాయను తదేకంగా చూశాడు. "ఈమెను చెక్కినోడు పెద్దాయన్ని చూసుకుంటా చెక్కినాడు" అన్నాడు. అవును, ఆవిడ చూపు తిన్నగా లోపలికే ఉంది.

దిగేటప్పుడు రాయి కాలిపోతోంది. మేజోళ్లు తొడుక్కున్నవాళ్లు మమ్మల్ని జాలిగా చూశారు. సగం దిగాక అన్న ఆగి వెనక్కి తిరిగి, "మనం కొసదాకా ఎక్కినామంటావా?" అని అడిగాడు. ఎక్కాం కదన్నా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన లెక్క ప్రకారం విగ్రహం కొండలో భాగం, కొండ నుంచి వేరుచేసింది కాదు. కాబట్టి వింధ్యగిరి శిఖరం గోమటేశ్వరుడి నడినెత్తి. మేం ఎక్కింది శిఖరానికి యాభై ఏడడుగుల కింద వరకే.

ఆ మిగిలిన యాభై ఏడడుగులూ యాత్రికులు ఎక్కే రోజులు కూడా ఉన్నాయి. పన్నెండేళ్లకోసారి మహామస్తకాభిషేకానికి వెనక పరంజా కడతారు. కలశాలు పట్టుకున్నవాళ్లు దాని మీదుగా పైకి వెళ్లి నీళ్లూ, పాలూ, చెరుకురసమూ, పసుపూ, చందనమూ, చివరికి పూలూ ఆ ఉంగరాల జుట్టు మీద పోస్తారు. మొన్నటిది 2018 ఫిబ్రవరిలో అయింది. లెక్క ప్రకారం మళ్లీ 2030లో.